ఎండలో ప్లాస్టిక్ ఎందుకు పెళుసుబారుతుంది? షీటు, నెట్, పైపు కొనేముందు యూవీ రక్షణ గురించి తెలుసుకోండి

సంక్రాంతికి గడ్డివాము మీద కప్పిన ఖాళీ యూరియా సంచిని మే నెలలో తీసి చూడండి. చేత్తో పట్టుకోగానే పీలికలుగా ఊడివస్తుంది. వేళ్లకు తెల్లటి పొడి అంటుకుంటుంది. అదే పొలంలో, అదే ఎండలో ఐదారేళ్ల క్రితం పరిచిన నల్లటి డ్రిప్ లేటరల్ మాత్రం ఇంకా మెత్తగా వంగుతుంది, మెలితిప్పినా విరగదు. రెండూ ప్లాస్టిక్కే. రెండింటి మీదా పడింది ఒకే ఎండ. మరి తేడా ఎక్కడ వచ్చింది?

తయారుచేసేటప్పుడు కలిపిన ఒకటి రెండు పదార్థాల్లో వచ్చింది. కిలో ప్లాస్టిక్‌లో అవి ఉండేది కొన్ని గ్రాముల నుంచి పాతిక, ముప్పై గ్రాముల వరకే. షాపులో కొత్త షీటు విప్పి చూస్తే అవి ఉన్నదీ లేనిదీ కంటికి తెలియదు. చేతికి తగలదు, వాసన రాదు. వాటి ఖర్చు మిగుల్చుకుంటే షీటు చవగ్గా అమ్మవచ్చు. ఆ చవక బేరం సంగతి ఏడాది తిరిగాక, సరిగ్గా పంట మీద ఉన్నప్పుడు, ఈదురుగాలి వచ్చిన రోజున బయటపడుతుంది. అప్పుడు పోయేది షీటు డబ్బు ఒక్కటే కాదు, లోపల కాపు మీదున్న క్యాప్సికమో కీరదోసో కూడా. అందుకే ఈ విషయాన్ని కాస్త వివరంగా తెలుసుకోవాలి.

ఎండలో ప్లాస్టిక్‌కు ఏమవుతుంది?

పాలిథిన్ అయినా, సంచులు నేసే పాలీప్రొపిలీన్ అయినా లోపల పొడవాటి గొలుసుల్లాంటి అణువులే. పురికొసలో నారపోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని బలం ఇచ్చినట్టే, ఈ గొలుసులు పెనవేసుకుని ప్లాస్టిక్‌కు బలం, సాగే గుణం ఇస్తాయి. పోగులు పొట్టిగా తెగిపోతే తాడు ఏమవుతుందో, గొలుసులు తెగితే ప్లాస్టిక్ అదే అవుతుంది.

వీటిని తెంపేది ఎండలోని అతినీలలోహిత కిరణాలు. వాటినే వాడుకలో యూవీ అంటున్నాం. నేలను చేరే ఎండ మొత్తంలో ఇవి నూటికి ఐదు వంతుల దాకా మాత్రమే ఉంటాయి. కానీ ప్లాస్టిక్ గొలుసును పట్టి ఉంచే బంధాన్ని తెంచేంత శక్తి ఉన్నవి ఇవే. నిజానికి ఏ కల్తీ లేని స్వచ్ఛమైన పాలిథిన్ ఈ కిరణాలను పెద్దగా పీల్చుకోదు. అయితే ఫ్యాక్టరీలో కరిగించి షీటుగా ఊదేటప్పుడు ఆ వేడికి అక్కడక్కడా ఆక్సిజన్ అంటుకుంటుంది. తయారీలో వాడిన ఉత్ప్రేరకాల తాలూకు మిగుళ్లూ ఉంటాయి. యూవీ చొరబడేది ఆ మచ్చల దగ్గరే.

ఒకచోట బంధం తెగగానే ఫ్రీ రాడికల్ అనే అస్థిరమైన ముక్క పుడుతుంది. అది గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని పక్క గొలుసు మీద పడుతుంది. అక్కడ పెరాక్సైడ్ ఏర్పడుతుంది. అది మళ్లీ ఎండకు చీలి రెండు కొత్త రాడికల్స్‌గా మారుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు. గడ్డివాములో పడ్డ నిప్పురవ్వ లాంటిదే ఇది. మొదట చాలాసేపు ఏమీ కనపడదు, అంటుకున్నాక ఆపలేం.

ఈ సంగతి రైతుకు ముఖ్యం. ప్లాస్టిక్ రోజురోజుకూ కొంచెం కొంచెంగా, సమానంగా పాడవదు. లోపలి రక్షణ పదార్థం ఉన్నన్నాళ్లూ దాదాపు కొత్తదానిలాగే ఉంటుంది. అది ఖర్చయిపోయాక కొద్ది నెలల్లోనే పెళుసుబారిపోతుంది. కాబట్టి ‘నిరుటి వేసవి తట్టుకుంది కదా, ఈ వేసవీ తట్టుకుంటుంది’ అని ధీమాగా ఉండకండి.

అన్ని ప్లాస్టిక్‌లూ ఒకేలా లొంగవు. ఎరువుల సంచులు, టమాట పందిళ్లకు కట్టే ప్లాస్టిక్ సుతిలి ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. దాని అణువుల అమరికే తొందరగా దెబ్బతినేలా ఉంటుంది. పాలిథిన్ కొంత నయం. పీవీసీ పైపుల తీరు వేరు. ఎండకు, వేడికి వాటిలోని క్లోరిన్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా విడిపోయి రంగు మారుతుంది. పైన సుద్ద పూసినట్టు తెల్లబడి, చిన్న దెబ్బకే పగులుతుంది.

నలుపు ఊరికే రంగు కాదు

ఎండ నుంచి ప్లాస్టిక్‌ను కాపాడే వాటిలో అన్నిటికన్నా పాతది, చవకైనది, గట్టిది కార్బన్ బ్లాక్. అంటే ఒక రకం మసి. 1950లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో లింకన్ హాకిన్స్, విన్సెంట్ లాంజా టెలిఫోన్ కేబుళ్ల పై తొడుగు ఏళ్ల తరబడి ఎండావానలకు నిలిచేలా చేయడం మీద పనిచేశారు. కార్బన్ బ్లాక్‌తో పాటు ఆక్సీకరణను అడ్డుకునే పదార్థం కూడా కలిపితే తొడుగు పగలకుండా ఉంటుందని చూపించారు. మన పొలంలోని నల్ల పైపు ఆ దారిలో వచ్చిందే.

కార్బన్ బ్లాక్ రేణువులు అతి సన్నగా ఉండి యూవీని పైపొరలోనే పీల్చేసుకుంటాయి. కిరణాలు లోపలికి దిగవు. హెచ్‌డీపీఈ నీటి పైపుల ప్రమాణం ఐఎస్ 4984లో కార్బన్ బ్లాక్ రెండున్నర శాతం, అటూ ఇటూ అర శాతం ఉండాలని నిబంధన. అంటే కిలోకు 20 నుంచి 30 గ్రాములు. డ్రిప్ లేటరళ్లకు విడిగా ఐఎస్ 12786 ప్రమాణం ఉంది. కొనేటప్పుడు పైపు మీద ఐఎస్ఐ ముద్రతో పాటు ఆ నంబరు కూడా ఉందో లేదో చూడండి.

ఎంత కలిపారన్నది ఎంత ముఖ్యమో, ఎలా కలిపారన్నదీ అంతే ముఖ్యం. మసి ఉండలుగా ఉండిపోతే మధ్యలో ఖాళీలు మిగిలి అక్కడి నుంచే పగుళ్లు మొదలవుతాయి. పైపు నుంచి బ్లేడుతో ఉల్లిపొర అంత పలుచని చెక్కు తీసి ఎండకు ఎదురుగా పట్టి చూడండి. నలుపు అంతటా ఒకేలా ఉండాలి. చారలు, గుల్లలు, తెల్లటి చుక్కలు కనిపిస్తే ఆ సరుకును అనుమానించాలి.

నల్లగా ఉన్నదల్లా మంచిదని కూడా అనుకోవద్దు. పాత సంచులు, చిరిగిన షీట్లు, తుక్కు అంతా కరిగించి చేసిన పైపు కూడా నల్లగానే ఉంటుంది. తుక్కులోని రంగులన్నీ దాచాలంటే నలుపు వేయక తప్పదు. ఒకసారి ఎండలో కాగిన ప్లాస్టిక్‌లో రక్షణ పదార్థాలు అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి. పైగా ఆక్సిజన్ అంటిన మచ్చలు బోలెడు. దానికి ఎంత మసి పూసినా కొత్త ముడిసరుకుతో సమానం కాదు.

పారదర్శక షీటుకు రక్షణ ఎలా?

పాలీహౌస్ షీటును నల్లగా చేయలేం, పంటకు వెలుతురు కావాలి. కాబట్టి కంటికి కనిపించే వెలుతురును పోనిస్తూ ప్లాస్టిక్‌ను కాపాడే పదార్థాలు కావాలి. అవి ముఖ్యంగా రెండు తెగలు.

మొదటివి యూవీని పీల్చుకునేవి. బెంజోఫినోన్, బెంజోట్రయాజోల్ జాతి రసాయనాలు. ఇవి యూవీ శక్తిని పట్టి, కొద్దిపాటి వేడిగా మార్చి వదిలేస్తాయి. గొడుగు లాంటివన్న మాట. అయితే గొడుగు పని చేయాలంటే కొంత మందం ఉండాలి. 200 మైక్రాన్ల షీటులో ఇవి బాగా పనికొస్తాయి. 25 మైక్రాన్ల మల్చింగ్ షీటులోనో, సన్నటి నెట్ దారంలోనో కిరణం పీల్చుకునేలోపే అవతలికి వెళ్లిపోతుంది. పైగా ఇవి మెల్లమెల్లగా పైకి ఊరి వచ్చి వానకు కొట్టుకుపోతాయి.

రెండోవి కిరణాన్ని అసలు ఆపవు. పేరు కొంచెం పెద్దది, హిండర్డ్ అమైన్ లైట్ స్టెబిలైజర్లు. వ్యాపారులు పొట్టిగా హాల్స్ అంటారు. 1970ల నుంచి వాడుకలోకి వచ్చాయి. కిరణం పడి బంధం తెగి రాడికల్ పుట్టగానే ఇవి దాన్ని పట్టుకుని గొడవను అక్కడికక్కడే సద్దుమణిగిస్తాయి. చిత్రం ఏమిటంటే, ఆ పనిలో ఇవి ఖర్చయిపోకుండా మళ్లీ మొదటి రూపానికి వస్తాయి. ఊళ్లో తగాదా తీర్చి, మర్నాడు ఇంకో తగాదాకు సిద్ధంగా ఉండే పెద్దమనిషి లాంటివి. అందుకే కొద్ది మోతాదుతోనే ఏళ్ల తరబడి కాపలా కాస్తాయి. సన్నటి దారంలో, పలుచని షీటులో కూడా పనిచేస్తాయి. మంచి పాలీహౌస్ షీట్లలో రెండు తెగలనూ కలిపి వాడతారు. కొంచెం పసుపుపచ్చ ఛాయతో వచ్చే పాతరకం షీట్లలో నికెల్ సమ్మేళనాలు ఉండేవి. నికెల్ భార లోహం కాబట్టి వాటి వాడకం తగ్గుతూ వచ్చింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ‘యూవీ స్టెబిలైజ్డ్’ అంటే షీటు ఎండకు తట్టుకుంటుందని అర్థం. ‘యూవీ బ్లాకింగ్’ అంటే యూవీని లోపలికి పోనివ్వదని అర్థం. రెండూ ఒకటి కాదు. హాల్స్ మాత్రమే ఉన్న షీటు తాను చెడకుండా యూవీని లోపలికి పోనిస్తుంది. యూవీని ఆపే షీటు కింద ఎర్ర గులాబీ రెక్కల అంచులు నల్లబడటం తగ్గుతుంది. తెల్లదోమ, తామర పురుగులు దారి వెతుక్కోవడానికి యూవీ వెలుగు మీద ఆధారపడతాయి కాబట్టి వాటి రాక కూడా తగ్గుతుంది. మరోవైపు వంకాయకు నిగనిగలాడే ఊదా రంగు రావాలంటే యూవీ అవసరం. తేనెటీగలు కూడా యూవీ సాయంతోనే తిరుగుతాయి. కాబట్టి లోపల ఏ పంట వేస్తారో, పరాగ సంపర్కానికి తేనెటీగలు కావాలో అక్కర్లేదో ముందు తేల్చుకుని, డీలరుకు చెప్పి షీటు రకం అడగండి. ‘యూవీ షీటు ఇవ్వండి’ అంటే సరిపోదు.

గంధకం చల్లుతున్నారా? అయితే ఇది తప్పక చదవండి

మంచి షీటు కొని, బిల్లు తీసుకుని, వారంటీ కూడా ఉండి, రెండో ఏడాదికే చినిగితే చాలాసార్లు కారణం లోపల చల్లిన మందులే. కంపెనీ మనిషి వచ్చి షీటు ముక్క తీసుకెళ్లి పరీక్షించి ‘గంధకం ఎక్కువగా ఉంది, వారంటీ వర్తించదు’ అంటాడు. రైతుకు అది సాకులా వినిపిస్తుంది. కానీ దాని వెనక రసాయన కారణం ఉంది.

హాల్స్ క్షార గుణం ఉన్న పదార్థం. బూడిద తెగులుకు కొట్టే నీటిలో కరిగే గంధకం షీటు లోపలి వైపు అంటుకుని, ఎండకు, తేమకు మెల్లగా ఆమ్లంగా మారుతుంది. క్షారం, ఆమ్లం కలిస్తే లవణం అవుతుంది కదా. అలా లవణంగా మారిన హాల్స్ ఇక రాడికల్స్‌ను పట్టుకోలేదు. పెద్దమనిషి చేతులు కట్టేసినట్టే. షీటు చూడటానికి మామూలుగానే ఉంటుంది, కాపలా మాత్రం ఉండదు. క్లోరిన్ ఉన్న మందులూ ఇదే పని చేస్తాయి. క్లోరోథలోనిల్‌లో క్లోరిన్ ఉంది. క్లోర్‌పైరిఫాస్‌లో క్లోరిన్, గంధకం రెండూ ఉన్నాయి. మాంకోజెబ్‌లోనూ గంధకం ఉంది.

అలాగని తెగులు వచ్చినప్పుడు మందు మానమని కాదు. పంట కోసమే షీటు కానీ షీటు కోసం పంట కాదు. చేయగలిగింది ఇది: పాలీహౌస్‌లో గంధకం పొగ వేయడం, గంధకాన్ని వేడిచేసి ఆవిరి పెట్టడం మానుకోండి. అది నేరుగా పైకప్పుకే చేరుతుంది. పిచికారీ గొట్టం నోరు మొక్క వైపే ఉంచండి, పైకి ఎత్తవద్దు. కొట్టిన తర్వాత రాత్రంతా మూసి ఉంచకుండా, మందు ఆకు మీద ఆరాక కర్టెన్లు ఎత్తి గాలి ఆడనివ్వండి. అవకాశం ఉన్నప్పుడు లోపలి వైపు మంచి నీళ్లతో కడగండి. శుభ్రం చేయడానికి బ్లీచింగ్ పౌడరు వాడవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, కొనేటప్పుడే ‘నేను గులాబీ వేస్తాను, గంధకం వాడక తప్పదు’ అని చెప్పండి. ఆమ్లాన్ని తట్టుకునే రకం హాల్స్ కలిపిన షీట్లు ఉన్నాయి. ధర ఎక్కువే, కానీ గంధకం వాడేవారికి అదే గిట్టుబాటు. ఏ మందు ఎప్పుడు కొట్టారో పుస్తకంలో రాసి పెట్టుకుంటే రేపు వారంటీ అడిగేటప్పుడు మీ మాటకు బలం ఉంటుంది.

చిరుగు ఎప్పుడూ పైపు దగ్గరే మొదలవుతుంది

పాత పాలీహౌస్‌ను గమనిస్తే షీటు నడిమధ్యలో కన్నా జీఐ పైపు ఆనిన గీత వెంబడి ముందు చినుగుతుంది. వేసవి మధ్యాహ్నం ఆ పైపు 60 డిగ్రీలు దాటడం సాధారణమే. వేడి పెరిగే కొద్దీ ఆక్సీకరణ వేగం పెరుగుతుంది. పది డిగ్రీలకు దాదాపు రెట్టింపు అని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క. దానికి తోడు పైపు తుప్పు పట్టి ఉంటే ఇనుము ఆ మంటకు ఆజ్యం పోస్తుంది. ఇనుము, రాగి రెండూ పెరాక్సైడ్లను తొందరగా చీల్చే లోహాలు.

కాబట్టి షీటు వేసే ముందు పైపు మీద తుప్పు గీకి, షీటు ఆనే భాగానికి తెల్ల రంగు వేయండి. రంగు పూర్తిగా ఆరాకే షీటు కప్పాలి, ఎందుకంటే ఆరని రంగులోని ద్రావకం కూడా ప్లాస్టిక్‌కు చేటే. షీటు కప్పిన తర్వాత బయటి వైపు నుంచి, పైపు ఉన్న గీత వెంబడి నీటితో కలిపే తెల్ల యాక్రిలిక్ రంగు పట్టీగా వేస్తే ఇంకా మంచిది. ఎండ అక్కడ తిరిగి వెళ్లిపోతుంది, పైపు అంతగా కాగదు. గాలి లేని ఉదయం పూట, షీటు మరీ చల్లగానూ మరీ వేడిగానూ లేనప్పుడు బిగించండి. వదులుగా వదిలితే గాలికి కొట్టుకుని చినుగుతుంది. షీటు మీద ‘ఈ వైపు లోపలికి’ అని అచ్చు ఉంటే దాన్ని తప్పక పాటించండి. మూడు పొరల, ఐదు పొరల షీట్లలో మంచు చుక్కలు కారకుండా చేసే పొర ఒక వైపే ఉంటుంది.

‘మూడేళ్ల షీటు’ అంటే ఎక్కడి మూడేళ్లు?

మైక్రాన్లు ఆయుష్షు కాదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, అది మందం కొలత మాత్రమే. 200 మైక్రాన్ల షీటులో యూవీ మందు లేకపోతే అది మందంగా ఉన్న చెత్త షీటే.

ఆయుష్షుకు కొలత ఎండ మోతాదు. షీటు వివరాల పత్రంలో కొన్ని కంపెనీలు దీన్ని కిలో లాంగ్లీలలో ఇస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో ఏడాదికి చదరపు మీటరు మీద పడే మొత్తం ఎండను లెక్కవేస్తే సుమారు 160 నుంచి 170 కిలో లాంగ్లీలు వస్తుంది. నెదర్లాండ్స్ లాంటి ఉత్తర యూరప్ దేశాల్లో అది 85, 90 దగ్గరే ఆగుతుంది. అక్కడ మూడేళ్లు నిలిచే షీటు తట్టుకునేది 260 కిలో లాంగ్లీల చిల్లర అనుకోండి. అదే షీటు అనంతపురంలో వేస్తే ఏడాదిన్నర దాటి కొద్ది నెలలకే ఆ మోతాదు నిండిపోతుంది. మన దగ్గర మూడేళ్లు కావాలంటే దాదాపు 500 కిలో లాంగ్లీలకు తగిన షీటు అడగాలి. పత్రంలో ఆ అంకె లేకపోతే, ‘మన ప్రాంతపు ఎండకు ఎన్ని నెలల వారంటీ’ అని బిల్లు మీదే రాయించుకోండి. నోటిమాట వారంటీకి విలువ లేదు.

మందం నిజమో కాదో ఇంట్లోనే తూకం వేసి తెలుసుకోవచ్చు. సరిగ్గా మీటరు పొడవు, మీటరు వెడల్పు ముక్క 200 మైక్రాన్లయితే 180 నుంచి 185 గ్రాములు తూగాలి. 25 మైక్రాన్ల మల్చింగ్ షీటు చదరపు మీటరుకు 23 గ్రాములు. 1.2 మీటర్ల వెడల్పు, 400 మీటర్ల పొడవు చుట్ట అయితే 11 కిలోల పైచిలుకు రావాలి. తొమ్మిది కిలోలే తూగితే మీరు 20 మైక్రాన్ల షీటుకు 25 మైక్రాన్ల ధర కడుతున్నట్టు. తూకం ఎక్కువ రావడమూ అన్నివేళలా మంచిది కాదు. సుద్దపొడి కలిపితే బరువు పెరుగుతుంది, బలం పెరగదు. చిన్న ముక్కను సబ్బు నీటితో కడిగి, బుడగలు అంటకుండా నీటిలో ముంచండి. పాలిథిన్ తేలాలి. మునిగితే అందులో సుద్ద లాంటిది బాగా కలిసిందని అర్థం. అయితే తేలినంత మాత్రాన సరుకు మంచిదని కాదు.

ఇక యూవీ మందు ఉందో లేదో తేల్చే ఇంటి పరీక్ష ఒకటే, ఎండే. షీటు కొన్న రోజునే మూరెడు ముక్కలు రెండు కత్తిరించండి. తేదీ, బ్యాచ్ నంబరు రాసి ఒకటి బీరువాలో, వెలుతురు తగలకుండా దాచండి. రెండోది డాబా మీద చెక్క ఫ్రేముకు బిగించి ఎండలో పెట్టండి. రెండు మూడు నెలలకోసారి రెండింటి నుంచి వేలెడు వెడల్పు పట్టీలు కోసి చేత్తో లాగి చూడండి. కొత్త షీటు తన పొడవుకు మూడు నాలుగింతలకు పైగా సాగి తెగుతుంది. ఎండలో ఉన్నది అందులో సగం కూడా సాగకుండా తెగితే ఆయుష్షు తీరినట్టే. పరీక్షశాలల్లో కూడా ఆయుష్షు ముగిసిందనడానికి ఈ ‘సగం సాగుడు’ కొలతే వాడతారు. మీ పాలీహౌస్ కన్నా ఈ ముక్క మీకు ముందే కబురు చెబుతుంది. బీరువాలోని ముక్క తగాదా వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది.

పెద్ద మొత్తం కొంటున్నప్పుడు, పది మంది రైతులు కలిసి కొంటున్నప్పుడు పరీక్షశాలకు పంపడం మేలు. హైదరాబాద్, విజయవాడల్లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సిపెట్ కేంద్రాలున్నాయి. పైపులో కార్బన్ బ్లాక్ శాతం లాంటివి అలాంటి చోట తేలుస్తారు. నత్రజని వాయువులో ప్లాస్టిక్‌ను కాల్చేసి, మిగిలిన మసిని తూచడమే ఆ పరీక్ష. ఖర్చు తలా కొంత పంచుకుంటే భారం కాదు.

మిగతా వస్తువుల సంగతి

షేడ్‌నెట్‌లో ఆకుపచ్చ రంగు చూసి మోసపోవద్దు. రంగు వేరు, యూవీ మందు వేరు. ఒకే నాణ్యతలో చూస్తే నల్ల నెట్ ఎక్కువ కాలం నిలుస్తుంది. నెట్ అంచును ఇనుప తీగకు నేరుగా బిగించకుండా మధ్యలో క్లిప్పులు వాడండి.

మిర్చి, ధాన్యం ఆరబోసే టార్పాలిన్ పట్టాలు పని అయిపోయాక మడిచి నీడలో పెడితే రెట్టింపు కాలం వస్తాయి. చాలా పట్టాలు పనిచేస్తూ కాదు, పని లేనప్పుడు ట్రాక్టరు ట్రక్కులోనో కల్లంలోనో ఊరికే పడి ఉండి పాడవుతాయి. కాకపోతే మడతల్లో తేమ లేకుండా ఆరబెట్టాలి.

పీవీసీ పైపులను భూమిలో పూడ్చండి. పైన ఉండక తప్పని ముక్కలకు తెల్ల రంగు వేయండి, లేదా పాత గోనె చుట్టండి. కొని తెచ్చిన పైపులను బోరు దగ్గర నెలల తరబడి ఎండలో పడేయడం చూస్తుంటాం. బిగించే నాటికే వాటి వయసు సగం అయిపోతుంది. పొలం కుంటలో పరిచే షీటుకు నీళ్ల కింద ఉన్న భాగం పదిలం. నీటి మట్టానికి పైన ఎండలో ఉండే అంచే ముందు పోతుంది కాబట్టి ఆ గట్టు భాగాన్ని మట్టితో కప్పండి.

మల్చింగ్ షీటు సంగతి కొంచెం తిరకాసు. ఒక పంటకే కదా అని యూవీ మందు సరిగా లేని షీటు పరిస్తే, పంట చివరికి మట్టిలో పూడ్చిన అంచు గట్టిగా ఉంటుంది, పైకి కనిపించే భాగం పొడిపొడి అవుతుంది. రెండూ కలిసే గీత దగ్గర తెగిపోయి అంచులు మట్టిలోనే మిగిలిపోతాయి. తర్వాత దున్నినప్పుడల్లా ముక్కలు మరింత చిన్నవై చేనంతా పరుచుకుంటాయి, నీరు దిగనివ్వవు, వేళ్లకు అడ్డం పడతాయి. అందుకని మల్చింగ్ షీటు పంటకాలం కన్నా కొన్ని నెలలు ఎక్కువే నిలవాలి, ఒక్క ముక్కగా చుట్టి తీయగలగాలి.

‘ఎండకు దానంతట అదే కరిగిపోతుంది’ అని అమ్మే షీట్ల విషయంలో జాగ్రత్త. వాటిలో కొన్నింటికి ఇనుము, కోబాల్ట్, మాంగనీస్ లవణాలు కలుపుతారు. ఇప్పటిదాకా చెప్పుకున్న రక్షణకు సరిగ్గా ఎదురు పని అది, ఆక్సీకరణను వేగం చేయడం. షీటు కరగదు, కంటికి కనిపించనంత ముక్కలవుతుంది. యూరోపియన్ యూనియన్ 2019 నాటి చట్టంలో ఆక్సో రకం ప్లాస్టిక్ వస్తువులను మార్కెట్‌లోకి రానివ్వకుండా నిషేధించింది. పిండి పదార్థం, జీవక్రియకు లొంగే ప్లాస్టిక్‌లతో చేసినవి వేరే జాతి, నేలలోని సూక్ష్మజీవులు వాటిని నిజంగానే తింటాయి. అమ్మేవాడిని ఏ జాతి అని అడగండి. చెప్పలేకపోతే కొనకండి.

పాత షీటును ఎప్పుడు దించాలి అంటే, పొడి రాలకముందే. డాబా మీది ముక్క సగం సాగుడుకు వచ్చిందంటే, ఏప్రిల్, మే ఈదురుగాలుల కోసం ఎదురుచూడకుండా పంట తీసిన ఖాళీలో మార్చేయండి. అప్పుడు షీటు ఒక్క ముక్కగా దిగుతుంది, తుక్కు కొనేవాళ్లు కిలోకు ఎంతో కొంత ఇస్తారు. పొలం గట్టున తగలబెట్టవద్దు. ముఖ్యంగా పీవీసీ పైపు ముక్కలు కాలిస్తే వచ్చే పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, అది కళ్లను, ఊపిరితిత్తులను మండిస్తుంది.